రెండు ఆఫీసుల మధ్య మా నాయిన పేరు

మా నాయిన 2024 ఆగస్టు 14 రాత్రి ఇంట్లోనే పోయాడు. డెబ్భై రెండేళ్లు. తెల్లారితే పంద్రాగస్టు. పంచాయతీ ఆఫీసు ముందు జెండా పని చూసుకుని మా కారోబార్, అంటే పంచాయతీ లెక్కలూ పన్నులూ చూసే ఉద్యోగి, నేరుగా మా ఇంటికే వచ్చాడు. సర్పంచుల పదవీకాలం ఆ ఏడాది జనవరి ఆఖరుకే ముగిసింది. ప్రత్యేకాధికారి ఉన్నాడు కానీ ఆయన ఊళ్లో కనపడేది తక్కువ. అందుకని చావైనా పెళ్లయినా మాకు పంచాయతీ అంటే కారోబారే. పంచాయతీ ట్రాక్టర్‌లో కట్టెలు తెప్పించాడు, వైకుంఠధామంలో, అంటే ఊరి శ్మశానంలో, నీళ్లు పెట్టించాడు. నాయినను సాగనంపి వచ్చాక మా అరుగు మీద కూర్చుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి నాయిన పేరు, తాత పేరు, వయసు, ఆధార్ నంబరు రాసుకున్నాడు.

"దినాలు అయినంక రా బిడ్డా, సెక్రటరీ సారుతోటి సర్టిఫికెట్ రాయించుకుందువు. దానికేం రంది పెట్టుకోకు" అన్నాడు.

ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి డిసెంబర్ అయింది. నాలాగే తిరిగిన కుటుంబాలు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నాయి, రేపు ఇంకో ఊరికీ ఇదే రావచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. చుట్టూ వెంచర్లు లేచినా నాయిన తన ఎకరం పది గుంటలు అమ్మలేదు. అందులో ఆకుకూరలు వేసి తెల్లవారుజామున మార్కెట్‌కు పంపేవాడు. ఊరు మున్సిపాలిటీలో కలుస్తుందన్న మాట చాలా ఏళ్లుగా వింటున్నదే, ఎవరూ పట్టించుకోవడం మానేశారు. నేను నగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. తమ్ముడు పుణెలో ఉద్యోగం చేస్తాడు, దినాలు కాగానే వెళ్లిపోయాడు. అమ్మ ఒక్కతే ఇంట్లో. ఆఫీసుల పని నా మీద పడింది.

పదకొండో రోజు ఆగస్టు 24, శనివారం. ఆదివారం, కృష్ణాష్టమి సెలవు పోగా మంగళవారం 27న అమ్మను తీసుకుని పంచాయతీకి వెళ్లాను. సెక్రటరీ ఉన్నాడు. చిన్న వయసు కుర్రాడు, మర్యాదస్తుడు. అమ్మకు కుర్చీ వేశాడు. ఫారం నింపాడు, రిజిస్టర్‌లో రాశాడు, అమ్మ చేత వేలిముద్ర వేయించాడు. "ఆన్‌లైన్‌లో ఎక్కించాలి అక్కా, ఇవాళ సర్వర్ అస్సలు రావడం లేదు. సోమవారం రండి, సంతకం చేసి ఇచ్చేస్తా" అన్నాడు. నేను సరేనన్నాను. రసీదు అడగలేదు. మనకు తెలిసిన ఆఫీసు, తెలిసిన మనిషి, రసీదు ఎందుకు అనుకున్నాను. మళ్లీ అలాంటి రోజు వస్తే నేను మొట్టమొదట అడిగేది ఆ రసీదే.

సోమవారం సెప్టెంబర్ 2. ఆ శని, ఆదివారాల్లో తెలంగాణ అంతటా కురిసిన వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. ఖమ్మం మునిగింది ఆ వానకే. స్కూళ్లకు సెలవు ఇచ్చారు, నేను ఇల్లు కదలలేదు. బుధవారం వెళ్లేసరికి పంచాయతీ గదికి తాళం ఉంది. అరుగు మీద నలుగురు కూర్చుని అదే మాట్లాడుకుంటున్నారు. ఔటర్ చుట్టూ ఉన్న 51 గ్రామ పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలుపుతూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అందులో మా ఊరు ఉంది.

ఆ బుధవారానికి నాయిన పోయి సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. ఈ లెక్క ఎందుకంటే, జనన మరణాల నమోదుకు 1969లో వచ్చిన చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం మరణం జరిగిన 21 రోజుల్లోపు చెప్తే ఏ చిక్కూ లేదు. సమాచారం ఇచ్చిన మనిషికి మొదటి కాపీ ఉచితంగా ఇవ్వాలి కూడా. 21 దాటి 30 లోపైతే ఆలస్య రుసుము కట్టాలి. 30 దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. మేము పదమూడు రోజులకే చెప్పాం. కానీ చెప్పినట్టు రుజువు ఆ తాళం వేసిన గదిలో ఉంది.

రెండు మూడు రోజుల తర్వాత మున్సిపాలిటీ వాళ్లు జీపులో వచ్చారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. క్యాష్‌బుక్కు, చెక్కుబుక్కులు, బిల్లు పుస్తకాలు, ముద్రలు, రిజిస్టర్లు అన్నీ లెక్క రాసుకుని తీసుకుపోయారట. సెక్రటరీని వేరే మండలానికి పంపించారు. గోడ మీద గ్రామ పంచాయతీ అన్న అక్షరాలకు సున్నం కొట్టారు.

వినాయక చవితి వెళ్లాక ఒక పూట సెలవు పెట్టి మున్సిపాలిటీకి పోయాను. మా ఊరి నుంచి నేరుగా బస్సు లేదు. ఆటోలో చౌరస్తా దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఇంకో ఆటో. కౌంటర్‌లో అమ్మాయి నా మాట ఓపికగానే విన్నది. తేదీ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆగస్టు 14కి మీ ఊరు మాలో లేదు కదా మేడం. అప్పటిది పంచాయతీ వాళ్లే ఇవ్వాలి. మండల ఆఫీసుకు పోండి."

మండల ఆఫీసుకు వెళ్లాను. అక్కడ గుమస్తా పెద్దాయన.

"రికార్డు అంతా మున్సిపాలిటీకి అప్పజెప్పినం కదమ్మా. మీ ఊరు ఇప్పుడు మా మండలం లెక్కలనే లేదు. వాళ్ల దగ్గరికే పోవాలె."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఆగస్టు నాటి ఊరు తెలియదు, ఆయన దగ్గర సెప్టెంబర్ నాటి ఊరు లేదు. ఒక నెలలో నేను ఆ రెండు మెట్లూ ఐదుసార్లు ఎక్కి దిగాను. ముప్పై రోజుల గడువు కూడా దాటిపోయింది. ఊళ్లను కలపడం మంచిదా కాదా అన్నది పెద్ద చర్చ, దానికి నేను చాలను. నా బాధ ఒక్కటే. సగంలో ఉన్న పని ఎవరి చేతికి వెళ్తుందో ఒక్క కాగితం మీదైనా రాసి ఆ గోడకు అంటించి ఉండాల్సింది. చెక్కుబుక్కులు లెక్కబెట్టి తీసుకున్నారు. అప్పటికి చెప్పుకుని ఉన్న చావులు, పుట్టుకలు, పేరు మార్పిడి అర్జీలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కబెట్టలేదు.

ఊళ్లో మిగతా పనులూ అలాగే ఆగాయి. రోజూ పొద్దున వచ్చే చెత్త ట్రాక్టర్ పన్నెండు రోజులు రాలేదు. డ్రైవర్ ఇంటి దగ్గరే ఉన్నాడు, ట్రాక్టరూ ఊళ్లోనే ఉంది. డీజిల్ బిల్లు ఎవరు పాస్ చేయాలో తేలలేదు. చవితి పందిళ్ల దగ్గర పోగైన ఆకులు, పూలు, ప్లాస్టిక్ గ్లాసులు వానకు తడిసి కుళ్లాయి. దక్షిణం వాడలో వీధి దీపాలు పోతే పిల్లలు ట్యూషన్ నుంచి సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని వచ్చేవాళ్లు. అమ్మతో పాటు పనికి పోయే ఆడవాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. ఉపాధి హామీ పథకం గ్రామాలకే కాబట్టి, ఊరు పట్టణంలో కలిశాక జాబ్ కార్డుకు పని లేదు. వాళ్లలో ఒకావిడ నన్ను పట్టుకుని, "మేము నిన్న ఊరోళ్లం, ఇయ్యాల పట్నపోళ్లం ఎట్లయినం బిడ్డా? నిన్న రాత్రి ఎక్కడ పండుకున్ననో ఇయ్యాల గూడ ఆడ్నే లేసిన" అంది. నేనేం చెప్పాలో తెలియలేదు.

నీళ్లు మాత్రం ఆగలేదు. వాల్వు తిప్పే మల్టీపర్పస్ వర్కర్ తన జీతం ఎవరిస్తారో తెలియకపోయినా రోజూ పొద్దున ఐదింటికి వచ్చి ట్యాంకు నీళ్లు వదిలాడు. ఆయన గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇటు సర్టిఫికెట్ లేక మా పనులన్నీ ఆగిపోయాయి. నాయిన బ్యాంకు ఖాతాలో కూరగాయల డబ్బు ఉంది, నామినీగా అమ్మే ఉంది, అయినా మరణ ధ్రువీకరణ పత్రం చూపకుండా ఇవ్వరు. భూమి ఫౌతి చేయించాలంటే, అంటే వారసుల పేరు మీదకు మార్చాలంటే, అప్పటి భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అదే మొదటి కాగితం. ఇంటి పన్ను నాయిన పేరు మీద నుంచి అమ్మ పేరు మీదకు మార్చాలి. ఆసరా వృద్ధాప్య పింఛను ఇంటికి ఒకరికే ఇస్తారు, మా ఇంట్లో అది నాయినకు వచ్చేది. ఆయనతో పాటే ఆ 2,016 రూపాయలూ ఆగిపోయాయి. అమ్మ వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకోవాలంటే భర్త పోయాడని కాగితం చూపాలి. బొట్టు తీసేసి, గాజులు తీసేసి కూర్చున్న అమ్మ నుంచి ఆ ముక్కకు రుజువు అడగడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అక్టోబర్‌లో ఒకాయన తగిలాడు. మున్సిపాలిటీ బయట జిరాక్స్ షాపు దగ్గర నిలబడి ఉంటాడు. ఐదు వేలు ఇస్తే పది రోజుల్లో చేయిస్తానన్నాడు. నమోదు కాలేదని నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, నోటరీ అఫిడవిట్ పెట్టి, ఆలస్యపు నమోదు కింద కొత్తగా రాయిస్తాడట. నిజం చెప్తున్నాను, నేను పర్సులో చేయి పెట్టాను. స్కూల్లో సెలవులు అయిపోయాయి, జీతం కోత మొదలైంది, టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర లేదు. తర్వాత అమ్మ వేలిముద్ర గుర్తొచ్చింది. నాయిన పోయిన పదమూడు రోజులకే, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఆమె రిజిస్టర్‌లో వేలు పెట్టింది. దాన్ని లేదని నేనే రాసి ఇవ్వాలా? పైగా రేపు ఆ రిజిస్టర్ బయటపడితే ఒక మనిషి చావు రెండుసార్లు నమోదైనట్టు అవుతుంది. భూమి దగ్గర అది ఎంత తలనొప్పి అవుతుందో ఊహించుకోండి. పర్సు మూసేసి వచ్చాను.

ఆ రాత్రి కారోబార్ ఇంటికి వెళ్లాను. ఆయన పరిస్థితీ బాగాలేదు. తన ఉద్యోగం ఉందో లేదో తెలియదు, రెండు నెలల జీతం రాలేదు. అయినా నేను చెప్పిందంతా విని లోపలికి వెళ్లి ఆ చిన్న నోటుబుక్కు తెచ్చాడు. నాయిన పేరు చూపించాడు.

"సెక్రటరీ సారు రిజిస్టర్ల రాసిండు బిడ్డా, నేను పక్కన్నే ఉన్న. అప్పజెప్పిన నాడు కట్టలు కట్టింది నేనే. రేపు నేనొస్త, పా."

మరునాడు సెక్రటరీకి కూడా ఫోన్ చేశాను. వేరే ఊళ్లో ఉన్నా వెంటనే ఎత్తాడు. "ఎంట్రీ ఉంది అక్కా, నేను సంతకం కూడా పెట్టాను. ఆన్‌లైన్‌లో ఎక్కించేలోపే నా లాగిన్ ఆగిపోయింది" అన్నాడు. ఆ రోజు సోమవారం కాదని మూడు రోజులు ఆగి, సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. అర్జీలో నాలుగే మాటలు రాశాను: ఫలానా తేదీన చెప్పాం, ఫలానా రిజిస్టర్‌లో ఉంది, ఆ రిజిస్టర్ ఫలానా ఆఫీసులో ఉంది, వెతికించండి. రిజిస్టర్‌లో తన వాళ్ల ఎంట్రీ వెతికించమని అడిగే హక్కు ఆ 1969 చట్టంలోనే ఉంది. ఆ సంగతి నాకు మా స్కూల్లో సోషల్ చెప్పే సార్ చెప్పాడు. అర్జీకి నంబరు వేసి రసీదు ఇచ్చారు. ఈసారి దాన్ని రెండు జిరాక్సులు తీయించి పెట్టుకున్నాను.

ఆ నంబరు పట్టుకుని కారోబార్‌తో మున్సిపాలిటీకి వెళ్తే మొదటిసారి రికార్డు గది తలుపు తీశారు. చిన్న గది. కిటికీ అద్దం పగిలి వాన జల్లు కొట్టినట్టుంది, గోడ వెంట చెమ్మ. మా ఊరిదొక్కటే కాదు, అదే రోజుల్లో కలిసిన ఇంకో రెండు ఊళ్ల కట్టలూ కింద కుప్పగా ఉన్నాయి. తెల్లగుడ్డల మీద అంటించిన చీటీల్లో సిరా కారిపోయి ఊరి పేర్లు తెలియడం లేదు. ఆ సెక్షన్ చూసే ఆవిడ, "ఇవన్నీ విప్పాలంటే నాకు వారం పడుతది సార్, నేనొక్కదాన్ని" అంది. ఆమె బాధా నిజమే, ఆ గదికి ఇంకో మనిషిని ఇవ్వలేదు.

కారోబార్ గడప దగ్గరే నిలబడి కుప్ప వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి, కింద నుంచి మూడో కట్ట బయటికి లాగాడు.

"ఇది మనది. గుడ్డ చాలకపోతే జెండా తాడుతోటి కట్టిన."

పంద్రాగస్టుకు జెండా కట్టగా మిగిలిన తెల్ల తాడు అది. ముడి ఆయనే విప్పాడు. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, నల్లా బిల్లుల పుస్తకం, గ్రామసభ తీర్మానాల పుస్తకం, వాటి కింద మరణాల రిజిస్టర్. పేజీలు నేనే తిప్పాను. 27-08-2024. నాయిన పేరు, తాత పేరు, ఇంటి నంబరు, చివరి గడిలో ఊదారంగులో అమ్మ వేలిముద్ర. దాని మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయాను. కారోబార్ నా తల మీద చేయి వేసి ఏమీ అనలేదు.

మా నాయిన పేరు కింద ఇంకో ఎంట్రీ ఉంది. మా వాడకట్టులో ఉండే ముసలమ్మది. నాయిన తర్వాత రెండు వారాలకు పోయింది. ఆమె కొడుకులు కూడా మాలాగే రెండు ఆఫీసుల మధ్య తిరుగుతున్నారని నాకు తెలుసు. అక్కడి నుంచే ఫోన్ చేసి, దొరికిందని చెప్పాను.

ఎంట్రీ దొరకగానే పని అయిపోలేదు. కంప్యూటర్‌లో మా ఊరి పేరు కొత్త ఆఫీసు కింద ఇంకా కలపలేదన్నారు. అది కలిసేసరికి నవంబర్ 6న ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది, సిబ్బంది అంతా దానిలో పడ్డారు. ప్రతి గురువారం స్కూలు అయ్యాక ఫోన్ చేసేదాన్ని. ఆ రికార్డు గది ఆవిడే ఒకరోజు తానుగా ఫోన్ చేసి, "మీ ఊరు వచ్చేసింది మేడం, రేపు రండి" అంది. ఆలస్య రుసుము పడలేదు, అనుమతి అవసరం పడలేదు, అఫిడవిట్ లేదు. గడువులోపే చెప్పామని రిజిస్టరే చెప్పింది. డిసెంబర్ రెండో వారంలో కాగితం చేతికొచ్చింది.

అమ్మకు చదువు రాదు. కాగితం చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "సదువు" అంది. మొదటి నుంచీ చదివాను. మరణించిన స్థలం దగ్గరికి వచ్చేసరికి, "మన ఊరి పేరు ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "మళ్లొకపారి సదువు" అంది. ఇంటి నంబరుతో సహా మళ్లీ చదివాను.

ఆ నెలలోనే బ్యాంకు పని అయింది. భూమికి స్లాట్ బుక్ చేసి, తమ్ముడు వచ్చాక ముగ్గురం తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టాం. పింఛనుకు అర్జీ పెట్టాం. ఇంటి పేరు మార్పిడికి కూడా ఇచ్చాం కానీ, పాత ఇంటి నంబర్లు మార్చి కొత్తవి వేస్తారన్న మాటతో అది ముందుకు కదల్లేదు. అడుగుదామంటే వార్డుకు మనిషి లేడు. 2025 జనవరిలో మున్సిపల్ పాలకవర్గాల గడువు కూడా అయిపోయింది. పంచాయతీ రోజుల్లో ఎవరింటికి వెళ్లాలో తెలిసేది.

2025 డిసెంబర్‌లో ఔటర్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీలో కలిశాయి. మేము కలిసిన మున్సిపాలిటీ కూడా అందులో ఉంది. ఆ వార్త వచ్చిన సాయంత్రమే కారోబార్ నుంచి ఫోన్.

"బిడ్డా, మీ అమ్మ ఇంటి కాయితం ఇంక అయిపోలేదు గద? ఈ వారంలనే పోయి, అర్జీ ఏడున్నదో చూసి, రాసిచ్చినట్టు రసీదు తెచ్చుకో. మళ్ల కట్టలు కడుతరు."

మరునాడు పొద్దున మొదటి పీరియడ్ వేరే టీచర్‌కు అప్పగించి వెళ్లాను. రసీదు తెచ్చుకున్నాను.